కాపలా గ్రంథి కోసం వెతికితే పాలు కారాయి: ఒక కిడ్నీ క్యాన్సర్ కేసు

బరంపురంలో యూరాలజీ సర్జన్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, నా పొరపాటు కూడా రాయాల్సి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను. రోగి, ఆయన భార్య ఒప్పుకున్నాక ఇప్పుడు రాస్తున్నాను. ఊరు, వృత్తి వదిలేశాను. వయసు కొద్దిగా మార్చాను. జబ్బుకు సంబంధించిన విషయాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టాను.

నేపథ్యం

అరవైకి దగ్గరపడిన మనిషి. గంజాం జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. చదువు ఒడియా బడిలో సాగింది కాబట్టి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. మా ఓపీకి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది. ఎడమ కాలు పాదం నుంచి మోకాలి దాకా లావుగా, చర్మం గరుకుగా ఉంది. బోదకాలు. ఇరవై ఏళ్ల నాటిది. ఈ తీరంలో బోదకాలు ఉన్న మనిషి ఎదురైతే ఎవరూ ఆగి చూడరు. డాక్టర్లమూ అంతే, కేస్ షీటులో ఒక ముక్క రాసి పక్కకు జరుగుతాం. బోదవ్యాధి కార్యక్రమం కింద ఇంటికి తెచ్చి ఇచ్చే మాత్రలు ప్రతిసారీ మింగానని ఆయన చెప్పారు. షుగరు లేదు. బీపీకి ఒక మాత్ర. చుట్ట అలవాటు ఉండేది, మానేశారు.

అదే కేస్ షీటులో మరో వాక్యం ఉంది. నా దగ్గరకు రాకముందు ఆయనతో మాట్లాడిన జూనియర్ డాక్టర్ రాసింది: పదిహేనేళ్ల కిందట కొన్ని నెలలపాటు మూత్రంలో తెల్లగా పోయేదట, దానంతట అదే తగ్గిందట. దాని పక్కన 'ధాతు' అని రాసి, ప్రశ్నార్థకం పెట్టాడు. మన వైపు మగవాళ్లలో ఈ ఫిర్యాదు ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. ధాతువు పోతోంది, నీరసం అంటూ రోజూ ఎవరో ఒకరు వస్తారు. ఆ మాట చదివి చిన్నగా నవ్వుకుని పేజీ తిప్పేశాను. ఈ కేసంతా ఆ తిప్పేసిన పేజీలోనే ఉంది.

వచ్చిన సమస్య

రెండు నెలలుగా మూత్రంలో రక్తం. నొప్పి లేదు. ఊళ్లో రాయి అన్నారు, నీళ్లు ఎక్కువగా తాగమన్నారు, యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు పూర్తయ్యాయి. చివరికి పర్లాకిమిడిలో అల్ట్రాసౌండ్ చేస్తే ఎడమ కిడ్నీలో గడ్డ కనిపించింది. మేం చేసిన సీటీలో గడ్డ 8 సెంటీమీటర్లు, కిడ్నీ పై భాగంలో ఉంది. కిడ్నీ సిరలోకి పాకలేదు. ఊపిరితిత్తులు, కాలేయం శుభ్రంగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.8, క్రియాటినిన్ 1.3. కుడి కిడ్నీ బాగానే పనిచేస్తోంది.

ఇంతవరకు ఆలోచించాల్సిందేమీ లేదు. కిడ్నీ తీయాలి. చిక్కు వచ్చింది మహాధమని పక్కన కనిపించిన రెండు లింఫు గ్రంథుల దగ్గర. లింఫు అంటే కణజాలంలోంచి పోగై, సన్నని నాళాల్లో ఈ గ్రంథుల గుండా పారి, తిరిగి రక్తంలో కలిసే ద్రవం. ఒకటి 1.4 సెంటీమీటర్లు, మరొకటి 1.1.

గ్రంథులను ఏం చేయాలన్నది కిడ్నీ క్యాన్సర్‌లో పాత తగాదా. 1969లో రాబ్సన్ అనే సర్జన్ కిడ్నీతోపాటు చుట్టూ కొవ్వు, గ్రంథులు అన్నీ తీసేయాలని చెప్పినప్పటి నుంచి చాలాకాలం అదే బాట. యూరపు దేశాల్లో 772 మందిపై జరిగిన ఈఓఆర్‌టీసీ 30881 ట్రయల్ ఫలితాలు 2009లో వచ్చాక వేగం తగ్గింది. గ్రంథులు తీసినవారికీ తీయనివారికీ మనుగడలో తేడా రాలేదు. స్కానులో గ్రంథులు మామూలుగా ఉన్నవారిని కోసి చూస్తే 4 శాతం మందిలోనే క్యాన్సర్ దొరికింది. కానీ మా రోగి ఆ ట్రయల్‌లోని రోగి లాంటివాడు కాడు. ఆయన గ్రంథులు స్కానులోనే కనబడుతున్నాయి.

కనబడినంత మాత్రాన క్యాన్సర్ అనీ అనలేం. స్విట్జర్లాండులోని బెర్న్ నుంచి 1990లో వచ్చిన లెక్క నాకు ఎప్పుడూ గుర్తుంటుంది: సీటీలో గ్రంథులు పెద్దవైన 43 మంది కిడ్నీ రోగుల్లో 18 మందికే వాటిలో క్యాన్సర్ ఉంది. మిగతావి వాపు వల్ల పెరిగినవి. అది స్విట్జర్లాండు. మా దగ్గర క్షయ ఉంది, బోదవ్యాధి ఉంది, ఏళ్ల తరబడి మానని పాదాల పుండ్లు ఉన్నాయి. 1.4 సెంటీమీటర్ల గ్రంథికి ఇక్కడ ఎన్ని కారణాలైనా ఉండవచ్చు.

తేల్చుకోవడం ఎందుకంత ముఖ్యమో కుటుంబానికి కూడా వివరించాను. గ్రంథుల్లో క్యాన్సర్ ఉంటే అది మూడో దశ, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ తరువాత మూడు వారాలకోసారి, దాదాపు ఏడాదిపాటు పెంబ్రోలిజుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఇవ్వాలా అన్న ప్రశ్న వస్తుంది. 994 మందిపై జరిగిన కీనోట్-564 ట్రయల్‌లో ఆ మందు వల్ల జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 2021లో, మరణాలూ తగ్గాయని 2024లో తేలింది. దాని ఖర్చు లక్షల్లో ఉంటుంది. కాబట్టి గ్రంథి గురించిన జవాబు ఆ ఇంటి పొలం గురించిన జవాబు కూడా.

ముందు ఆలోచించి వదిలేసినవి

సూదితో గ్రంథి ముక్క తీయడం. గ్రంథులు కిడ్నీ సిర వెనుక, మహాధమనికి ఆనుకుని ఉన్నాయి. సూది వెళ్లే దారి ఇరుకు. వెళ్లినా, ముక్కలో క్యాన్సర్ లేదని వస్తే ఆ మాటను నేను నమ్మను. నమ్మని పరీక్ష చేయించడం ఎందుకు?

పెట్ స్కాన్. అందులో వాడే గ్లూకోజు మందు మూత్రంలోకి పోతూ కిడ్నీ చుట్టుపక్కలంతా వెలిగిస్తుంది. పైగా క్షయ గ్రంథి, వాచిన గ్రంథి, క్యాన్సర్ గ్రంథి మూడూ అందులో మెరుస్తాయి. మా ప్రాంతంలో దాన్ని చూసి గ్రంథుల గురించి తీర్పు చెప్పడం నాకు ధైర్యం చాలదు.

లింఫు దారుల మ్యాపింగ్ వైపు ఎందుకు వెళ్లాను

సెంటినెల్ గ్రంథి అంటే కాపలా గ్రంథి. కాలువ నీరు మొదట ఏ మడిలో పడుతుందో చూస్తే, ఆ నీటిలో కొట్టుకొచ్చిన గింజ మొదట ఎక్కడ మొలుస్తుందో తెలుస్తుంది. క్యాన్సర్ కణాలు గడ్డ నుంచి లింఫులో బయలుదేరితే మొదట తగిలే గ్రంథి ఏదో కనిపెట్టి, దానిని మాత్రమే తీసి పరీక్షిస్తే చాలు. అందులో లేకపోతే మిగతా వాటిలోనూ లేనట్టే. 1977లో కబానాస్ అనే సర్జన్ పురుషాంగ క్యాన్సర్‌లో ఈ పద్ధతి చెప్పారు. 1990ల్లో మెలనోమాకు, రొమ్ము క్యాన్సర్‌కు ఇది రోజువారీ పనిగా మారే దారి పడింది. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో చాలామంది చంకలోని గ్రంథులన్నీ పోగొట్టుకోకుండా బయటపడుతున్నది ఈ పద్ధతి వల్లే.

కిడ్నీకి వచ్చేసరికి ఈ పని మొండికేస్తుంది. ఎడమ కిడ్నీ లింఫు మహాధమనికి ఎడమ పక్క, ముందు ఉన్న గ్రంథుల్లోకి చేరుతుందని పుస్తకం చెబుతుంది. శరీరం పుస్తకం చదవదు. మృతదేహాలపై చేసిన పరిశీలనల్లో, కొన్ని లింఫు నాళాలు ఏ గ్రంథినీ తాకకుండా నేరుగా ఛాతీలోని థొరాసిక్ డక్ట్ అనే పెద్ద లింఫు నాళంలో కలవడం కనిపించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆక్సెల్ బెక్స్ బృందం కిడ్నీ గడ్డలోకి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన నానోకొల్లాయిడ్‌ను (అతి సన్నని రేణువుల ద్రవాన్ని) ఎక్కించి, స్పెక్ట్-సీటీ కెమెరాతో లింఫు దారులు చూసింది. కొందరిలో గ్రంథి దొరికింది. కొందరిలో ఏమీ కనిపించలేదు. కొందరిలో ఛాతీ భాగంలో కనిపించింది. కిడ్నీలో ఇది నేటికీ పరిశోధనే, ప్రామాణిక చికిత్స కాదు. ఆ మాట కుటుంబానికి చెప్పి, మా ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని చేశాను.

టెక్నీషియం మాకు కుదరలేదు. దాని అర్ధాయువు 6 గంటలు. గామా కెమెరా మా దగ్గర లేదు. విశాఖలో సూది వేయించుకుని రైలెక్కి బరంపురం వచ్చేసరికి నాలుగైదు గంటలు పడుతుంది. పైగా ఆపరేషన్ గదిలో ఆ సంకేతం పట్టే ప్రోబ్ కూడా మాకు లేదు. మాకున్నది పరారుణ కాంతి చూడగలిగే ల్యాప్రోస్కోపీ కెమెరా, ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు. ఆ మందు లింఫులో కలిసి వెళ్తే తెర మీద పచ్చగా వెలుగుతుంది. చౌక, సులువు. లోపం ఒకటుంది: నానోకొల్లాయిడ్ రేణువులు పెద్దవి, మొదటి గ్రంథిలో చిక్కుకుంటాయి. ఇండోసయనిన్ అణువు చిన్నది, మొదటి మడిలో నిలవకుండా రెండో మడికి, మూడో మడికి పారిపోతుంది.

ఇక్కడ నా తర్కంలోని పగులు రాయాలి. సెంటినెల్ పద్ధతి పనిచేయాలంటే రెండు షరతులున్నాయి. ఒకటి, గ్రంథులు స్కానులో మామూలుగా ఉండాలి. క్యాన్సర్‌తో నిండిపోయిన గ్రంథిలోకి లింఫు దూరలేదు, పక్కదారి పట్టి మరో గ్రంథికి పోతుంది. అప్పుడు వెలిగేది అమాయకమైన గ్రంథి, అసలు దొంగ చీకట్లో ఉంటాడు. రెండు, లింఫు దారులు పుట్టినప్పటి తీరులోనే ఉండాలి. మొదటి షరతు ఇక్కడ తప్పిందని నాకు తెలుసు. అయినా ఇలా సర్దిచెప్పుకున్నాను: పెద్దవైన రెండు గ్రంథులనూ ఎలాగూ తీస్తాను, పచ్చ వెలుగు మరో చిన్న గ్రంథిని చూపిస్తే దానినీ తీస్తాను, పోయేదేముంది? కొత్త కెమెరా వచ్చి ఆరు నెలలయింది. దానితో ఏదో ఒకటి చేయాలన్న ఉత్సాహం ఈ తర్కానికి ఎంత తోడ్పడిందో నిజాయితీగా చెప్పలేను. రెండో షరతు సంగతి అసలు నా తలలోకే రాలేదు. బోదకాలు కాలిదే అనుకున్నాను.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు ఆయన ఒక ప్రశ్న అడిగారు: "గడ్డలోకి సూది గుచ్చితే అది చెదిరి పాకదా, డాక్టరు గారూ?" మంచి ప్రశ్న. సూది దారి వెంట క్యాన్సర్ నాటుకోవడం కిడ్నీలో చాలా అరుదు, కానీ బొత్తిగా లేదని చెప్పలేనని అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఎలాగూ కిడ్నీ తీసేస్తున్నారు కదా" అని సంతకం పెట్టారు.

ఆపరేషన్ గదిలో

మత్తు ఇచ్చాక, కోత పెట్టకముందే అల్ట్రాసౌండ్ చూస్తూ గడ్డ అంచున రెండు చోట్ల మందు ఎక్కించాం. ధమని కట్టేస్తే కిడ్నీలో లింఫు పుట్టదు, కాబట్టి ఈ పని ముందే జరగాలి. పెద్దపేగును పక్కకు జరిపి పరారుణ కెమెరా వేసేసరికి పావుగంట దాటింది.

అలాంటి దృశ్యం నేను అంతకుముందు చూడలేదు. ఒకటి రెండు సన్నని పచ్చ దారాలు, వాటి చివర ఒక చుక్క కనిపిస్తాయని ఎదురుచూశాం. కిడ్నీ మొదలు దగ్గర, అంటే రక్తనాళాలు కిడ్నీలోకి వెళ్లే చోట, వానపాముల్లాంటి లావాటి నాళాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని వెలుగుతున్నాయి. ఇంకో ఐదు నిమిషాల్లో మహాధమని ఎడమ పక్కంతా పచ్చబారింది. ఎక్కడ నాళమో, ఎక్కడ గ్రంథో, ఎక్కడ చిమ్మిన మందో తెలియలేదు. పెద్ద గ్రంథులు రెండింటిలో చిన్నది మసకగా వెలిగింది. 1.4 సెంటీమీటర్లది నల్లగా ఉండిపోయింది.

ఆ నల్లని గ్రంథి దగ్గర నేనూ నా సహాయకుడూ చాలాసేపు ఆగాం. దాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. క్యాన్సర్‌తో నిండింది కాబట్టి మందు దూరలేదు. లేదా అది ఈ కిడ్నీ గ్రంథే కాదు, కాలి వైపు నుంచి వచ్చే లింఫుది, బోదవ్యాధితో గట్టిపడింది. మొదటిదైతే ఇంకా విస్తారంగా కోయాలి. రెండోదైతే ఆపేయాలి. ఒకే గుర్తుకు ఎదురెదురు అర్థాలున్నప్పుడు ఆ పటం పక్కన పెట్టాల్సిందే. పరారుణ కాంతి ఆపేయమన్నాను.

తరువాత కిడ్నీ ధమని, సిర వేరుచేస్తుంటే, అల్ట్రాసోనిక్ కత్తెర పడిన చోటల్లా నీళ్లలాంటి ద్రవం ఊరడం మొదలైంది. తుడిస్తే మళ్లీ ఊరుతోంది. వాచిన కణజాలంలోని నీరనుకున్నాను. ధమని, సిర బిగించాక గ్రంథుల పని మిగిలింది. అప్పుడు పొట్ట తెరవాలని నిర్ణయించాను. తడిసిన, ఉబ్బిన కణజాలంలో మహాధమని పక్కన తెర మీద చూస్తూ పనిచేయడం కన్నా, వేళ్లతో తడిమి, దారంతో ముడివేసి ముందుకు వెళ్లడం క్షేమం అనిపించింది. ఈ ఆపరేషన్‌లో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను.

నల్లని గ్రంథిని తీసి వెంటనే ఫ్రోజెన్ సెక్షన్‌కు, అంటే ఆపరేషన్ నడుస్తుండగానే ముక్కను గడ్డకట్టించి చూసే పరీక్షకు, పంపాం. ఇరవై నిమిషాల్లో మా పాథాలజిస్టు ఫోను: క్యాన్సర్ లేదు, క్షయ గడ్డలూ లేవు. దాంతో ఎంత మేర తీయాలన్నది తేలింది. మహాధమనికి, వీనా కేవా అనే పెద్ద సిరకు మధ్య ఉన్న గ్రంథుల జోలికి వెళ్లలేదు. ఎక్కువ తీస్తే ఎక్కువ బతుకుతారన్న రుజువు లేదు, ఊరే ద్రవం మాత్రం పెరుగుతుంది. కిడ్నీ మొదలు నుంచి, కింద పెద్దపేగుకు వెళ్లే ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ధమని దాకా ఎడమ పక్క ఉన్నవి మాత్రం తీశాను. తీసిన చోట దొరికిన నాళాలకు ముడులు, క్లిప్పులు వేశాను. ఒక డ్రెయిన్ గొట్టం పెట్టి మూసేశాం. నాలుగున్నర గంటలు పట్టింది. ఒక యూనిట్ రక్తం ఎక్కించాం.

నాలుగో రోజు

మొదటి రెండు రోజులు డ్రెయిన్‌లో రోజుకు 80 మిల్లీలీటర్ల లోపు పలచని ద్రవం. మూడో రోజు ఇడ్లీ మొదలుపెట్టాం. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటి నుంచి పప్పన్నం వచ్చింది, నెయ్యితో. సాయంత్రం నేను రౌండ్లకు వెళ్లేసరికి ఆయన భార్య డ్రెయిన్ సంచి వైపు చూపించి, "ఇదేమిటి బాబూ, పాలలా ఉంది?" అన్నారు. సంచిలో 400 మిల్లీలీటర్లు. చిక్కగా, తెల్లగా, పైన మీగడలాంటి పొర.

నేను ఏదో చెప్పబోయేలోపు మంచం మీది నుంచి ఆయనే అన్నారు: "ఇది అప్పట్లో మూత్రంలో పోయిందే, డాక్టరు గారూ. ఇప్పుడు దారి మార్చింది."

ఆ రాత్రి కేస్ షీటు తెరిచి జూనియర్ రాసిన వాక్యం మళ్లీ చదివాను. మర్నాడు ఆయన్ను సరిగ్గా అడిగాను. ఎలా పోయేది? గంజిలా. ఎప్పుడు? పెళ్లి భోజనం లాంటిది తిన్న మర్నాడు ఎక్కువ. ఉపవాసమున్న రోజు తేటగా. అప్పుడప్పుడు పెరుగు తరకల్లాంటివి అడ్డుపడి మూత్రం ఆగేది. ఇది ధాతువు కాదు, కైలూరియా, అంటే కొవ్వు కలిసిన లింఫు మూత్రంలోకి కారడం. పాఠ్యపుస్తకంలోని కైలూరియా. అది ఆయన మొదటి రోజే చెప్పారు.

మనం తిన్న కొవ్వు పేగుల నుంచి తెల్లని లింఫుగా, అంటే కైల్‌గా, వెన్నెముక ముందున్న సిస్టర్నా కైలి అనే తొట్టిలోకి చేరి, అక్కడి నుంచి థొరాసిక్ డక్ట్ ద్వారా పైకి పోతుంది. కాళ్ల లింఫు, కిడ్నీల లింఫు కూడా ఆ తొట్టికే చేరతాయి. బోదపురుగులు ఏళ్ల తరబడి నాళాలను చెడగొడితే లోపలి కవాటాలు పనిచేయవు. తూము తలుపు విరిగిన కాలువలో నీరు వెనక్కి తన్నినట్టు, కొవ్వు నిండిన లింఫు కిడ్నీ చుట్టూ ఉన్న నాళాల్లోకి వెనక్కి వస్తుంది. అవి ఉబ్బి, మెలికలు తిరిగి, ఎక్కడో ఒకచోట మూత్రనాళికల్లోకి చిల్లుపడితే మూత్రం తెల్లబడుతుంది. ఆయనకు పదిహేనేళ్ల కిందట ఆ చిల్లు పూడిపోయింది. ఉబ్బిన నాళాలు అలాగే ఉన్నాయి. వాటి మధ్యే నేను కాపలా గ్రంథిని వెతికాను. అల్ట్రాసోనిక్ కత్తెరతో వాటినే కోశాను. ఆపరేషన్‌కు ముందు పస్తు ఉన్నారు కాబట్టి ఊరిన లింఫులో కొవ్వు లేదు, అందుకే నీళ్లలా కనిపించింది. నెయ్యి పడ్డాక రంగు తేలింది.

డ్రెయిన్ ద్రవంలో ట్రైగ్లిజరైడ్లు 680 వచ్చాయి. 200 దాటితే కైల్ అని సాధారణంగా లెక్క. రాత్రి పది దాటాక తీసిన రక్తంలో మైక్రోఫైలేరియా (బోదపురుగు పిల్లలు) లేదు. పురుగు పోయింది, అది చెడగొట్టిన నాళాలు మిగిలాయి.

ఫలించనిది, ఫలించింది

మొదట ఆహారంతో ప్రయత్నించాం. మామూలు నూనె, నెయ్యి పూర్తిగా మానిపించి, ఎంసీటీ నూనెతో, అంటే మధ్యరకం గొలుసు కొవ్వుల నూనెతో, వండించాం. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలు చిన్నవి, లింఫులోకి రాకుండా నేరుగా కాలేయానికి వెళ్తాయి. కొబ్బరినూనె కూడా అలాంటిదేనని ఎవరో చెప్పారని ఆయన భార్య అడిగారు, ఆ నూనె ధర చూస్తే ఎవరైనా అడుగుతారు. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం మధ్యరకం పేరు పెట్టుకున్నా, చాలావరకు లింఫు దారే పడుతుంది. కుదరదని చెప్పాను. నోటి ద్వారా తినే మనిషిని పస్తు పెట్టకూడదన్న ఆశతో ఐదు రోజులు ఇలా లాగాను. డ్రెయిన్ 900కు ఎక్కి 700 దగ్గర ఆగింది. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీను 3.6 నుంచి 2.7కు దిగింది. రోజూ సంచిలో పోతున్నది ప్రోటీను, కొవ్వు, లింఫోసైట్లు. క్యాన్సర్ రోగి ఒంట్లోంచి ఇవి ఇలా పోవడం చూస్తూ కూర్చోలేం. ఇప్పుడైతే ఐదు రోజులు ఆగను, మూడో రోజే మారుస్తాను.

ఆ తరువాత నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, సిర ద్వారా పూర్తి పోషణ పెట్టి, ఆక్ట్రియోటైడ్ 100 మైక్రోగ్రాములు రోజుకు మూడుసార్లు చర్మం కింద ఇచ్చాం. పేగులకు రక్తప్రవాహాన్ని, కొవ్వు పీల్చడాన్ని తగ్గించి అది లింఫు ధారను సన్నబరుస్తుంది. రెండు వారాలు గడువు పెట్టుకున్నాను. అప్పటికీ ఆగకపోతే పెద్ద కేంద్రానికి పంపి, గజ్జల గ్రంథిలోకి లిపియోడాల్ అనే, ఎక్స్‌రేలో కనబడే నూనె మందు ఎక్కించి, కారే చోటు కనిపెట్టి మూయించాలి. మళ్లీ పొట్ట తెరవడం చిట్టచివరి మాట. ఆ అవసరం రాలేదు. 500, 250, 90, 30. తొమ్మిదో రోజుకు తేటపడింది. రెండు రోజులు కొవ్వు లేని ఆహారం, తరువాత పరీక్షగా ఒక గ్లాసు పాలు ఇచ్చి చూశాం. సంచి తెల్లబడలేదు. ఆపరేషన్ అయిన ఇరవై ఒకటో రోజున గొట్టం తీసేశాం.

పాలు ఇచ్చి చూసే ఆ ఉపాయాన్ని ఆపరేషన్‌కు ముందే వాడవచ్చు. కైలూరియా చరిత్ర ఉన్న మనిషికి మత్తు ఇవ్వడానికి కావలసిన పస్తు గంటలు వదిలి, దానికి ముందు మీగడ పాలో, నూనో ఇస్తే ఆపరేషన్ గదిలోనే తెల్లని ఊట కనబడుతుంది, అక్కడే ముడివేయవచ్చు. కైలూరియాకు చేసే ఆపరేషన్ కూడా కిడ్నీ మొదలు చుట్టూ ఉన్న లింఫు నాళాలను ఒక్కొక్కటిగా కట్టి తెంచడమే. ఆ వాక్యాన్ని సరిగ్గా చదివి ఉంటే నేను చేయవలసిన ఆపరేషన్ అదే: పచ్చ మందు లేకుండా, అల్ట్రాసోనిక్ కత్తెర లేకుండా, మొదటి నుంచీ దారంతో.

పాథాలజీ నివేదిక

క్లియర్ సెల్ రకం, గ్రేడ్ 3. గడ్డ 8.2 సెంటీమీటర్లు, కిడ్నీ లోపలి కొవ్వులోకి పాకింది, కాబట్టి గడ్డ దశ టీ3ఏ. మొత్తం 11 గ్రంథులు. స్కానులో భయపెట్టిన రెండింటిలోనూ క్యాన్సర్ లేదు, ఉబ్బిన లింఫు ఖాళీలు, వాపు. కానీ కిడ్నీ మొదలు కొవ్వులో, స్కానులో ఎవరి కంటికీ పడని 6 మిల్లీమీటర్ల గ్రంథిలో 3 మిల్లీమీటర్ల క్యాన్సర్ గూడు దొరికింది. ఎన్1, అంటే గ్రంథికి పాకినట్టే.

దాన్ని కనిపెట్టిన ఘనత నాది కాదు, కెమెరాది కాదు. కిడ్నీతో అంటుకుని వచ్చిన కొవ్వును ఓపికగా సన్నగా కోసి చూసిన మా పాథాలజిస్టుది. ఆ గ్రంథి పచ్చగా వెలిగిందా? వెలిగే ఉంటుంది. ఆ చుట్టుపక్కల అంతా వెలిగింది కదా. బహుశా అదే కాపలా గ్రంథి. నిజంగా అదే అయితే సెంటినెల్ సిద్ధాంతం ఆయన శరీరంలో నిలబడినట్టే, దాన్ని చూపించాల్సిన నా పటమే చెడింది. రీసెర్చ్ రిజిస్టరులో 'గ్రంథి గుర్తించబడలేదు' అని రాశాను. ఆ గడిలో ఇంతకన్నా పొడుగాటి సమాధానానికి చోటు లేదు.

పెంబ్రోలిజుమాబ్ గురించి రెండుసార్లు కూర్చుని మాట్లాడుకున్నాం. ట్రయల్‌లో ఆపరేషన్ అయిన 12 వారాల్లోపు మొదలుపెట్టారు. మాకు ఆ గడువులో మూడు వారాలు పాల సంచికే పోయాయి. గ్రంథులకు పాకినవారు ఆ ట్రయల్‌లో తక్కువమందే, కాబట్టి ఈయనకు ఎంత లాభమో కచ్చితంగా చెప్పలేనని అన్నాను. కొడుకు భూమి అమ్ముదామన్నాడు. ఆయన వద్దన్నారు. నేను ఏ వైపూ నెట్టలేదు. ఆ అంకెలు మాత్రం ఒక కాగితం మీద ఒడియాలో రాసి ఇచ్చాను, ఇంట్లో కూతురికి చూపించుకోవడానికి. పది రోజుల తరువాత వచ్చి, స్కాన్లతో చూసుకుంటూ ఉంటామన్నారు.

పద్ధతిలో మార్చినవి

బోదకాలు, వరిబీజం ఉన్నవారికి, లేదా 'ధాతు' అని చెప్పేవారికి కిడ్నీ ఆపరేషన్ ముందు ఇప్పుడు ఒకే ప్రశ్న వేస్తున్నాం: భారీగా తిన్న మర్నాడు మూత్రం ఎప్పుడైనా గంజిలా వచ్చిందా? అనుమానం ఉంటే కొవ్వు భోజనం పెట్టి, మర్నాటి మూత్రంలో ట్రైగ్లిజరైడ్లు చూస్తున్నాం. చాలా తేలిక పరీక్ష. అలాంటివారిలో మ్యాపింగ్ చేయడం లేదు. గ్రంథులు స్కానులో కనబడుతున్నవారిలో కూడా మానేశాను. ఇక మిగిలింది చిన్న గుంపు. అందులోనూ ఇండోసయనిన్ కన్నా నానోకొల్లాయిడ్ అయితేనే నమ్ముతాను, అంటే విశాఖకో భువనేశ్వరుకో పంపినప్పుడే. ధాతు అని రాసిన జూనియర్‌ను ఎవరో తప్పుపట్టబోతే అడ్డుకున్నాను. అతను కనీసం రాశాడు, ప్రశ్నార్థకం కూడా పెట్టాడు.

ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలయింది. మొన్నటి సీటీలో పొట్ట శుభ్రంగా ఉంది. కుడి ఊపిరితిత్తిలో 4 మిల్లీమీటర్ల చుక్క ఉంది, కిందటిసారి లేదు. పాత కఫపు మచ్చ కావచ్చు, కాకపోవచ్చు. మూడు నెలల్లో మళ్లీ చూడాలి. ఆ తేదీ సరిగ్గా ఠాకురాణి జాతర రోజుల్లో పడింది. అప్పుడు ఇంటినిండా చుట్టాలుంటారు, ఒక వారం ముందుకు జరపండి అన్నారు. జరిపాను.